చిల్లు లేని ఇల్లు

అనకాపల్లిలో మాట్లవాళ్ళింట్లో చిల్లున్న వస్తువు ఒక్కటీ ఉండేది కాదు. మూడు తరాలుగా ఊరందరి బిందెలకీ మాట్లు వేసిన ఇల్లది. చిల్లు కనబడితే చాలు, పూడ్చేదాకా వాళ్ళకి అన్నం సయించదు. జల్లెడ కొన్నరోజే పూడ్చేశారు. ఒక్క రవ్వ కూడా కింద పడడం లేదని వాళ్ళ నూకాలత్త వీధంతా చెప్పుకుంది. ఆ ఇంట్లో అందరికన్నా తెలివైనవాడు చిన్నోడు బంగారయ్య. ఆ సంగతి చెప్పింది కూడా బంగారయ్యే.

అతను ముచ్చటపడి గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాడు. ఇంటికి తెచ్చి తిరగేస్తే ఏముంది, అడుగున బారుగా చిల్లులు!

"అన్నా! చిల్లుల సరుకు అంటగట్టీసేడు!"

"బెంగెట్టుకోకు తమ్ముడూ, మనం లేమేటి?" అన్నాడు పైడిరాజు. అంతే, అన్నదమ్ములిద్దరూ మాటు ముద్ద పిసికి ఒక్క చిల్లూ వదలకుండా పూడ్చేశారు.

ఇంకేముంది, ఆట మొదలెట్టిన పావుగంటకల్లా అది పెనంలా కాలిపోయి ఠక్కున ఆగిపోయేది. రెండుసార్లు ఆట మధ్యలో మాయమయ్యేసరికి జట్టువాళ్ళు విసిగిపోయారు. ఆదివారం నాలుగింటికి వెనకవీధి జట్టుతో ఫైనల్. ఈసారి కూడా మాయమైతే నిన్ను తీసేస్తామన్నారు. బంగారయ్యకి ఆ జట్టంటే ప్రాణం.

కంప్యూటర్ల కొట్టు సోమినాయుడికి ఫోన్ చేస్తే, "గాలి బాగా తగిలే చోట పెట్టండి, సాయంత్రం నేనొస్తాను" అన్నాడు.

"బండి మీద తగిలినంత గాలి ఇంకెక్కడ తగుల్తాది!" అన్నాడు బంగారయ్య, తన తెలివికి తనే మురిసిపోతూ. పైడిరాజు బండి నడిపాడు. బంగారయ్య ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. దూరం పోతే వైఫై అందదు కాబట్టి ఇంటి చుట్టూనే తిరిగారు. ఛార్జింగ్ కోసం తగిలించిన పొడుగాటి కరెంటు వైరు వెనకాలే వచ్చింది. ఎనిమిది చుట్లు తిరిగేసరికి ఇల్లంతా వైరు చుట్టుకుపోయి వీధి తలుపు బిగుసుకుంది.

"ఒరే, నన్ను కట్టీసేరేట్రా!" అని లోపల్నుంచి నూకాలత్త కేకలు.

సాయంత్రం సోమినాయుడొచ్చి ముందు అత్తని విడిపించాడు. తర్వాత ల్యాప్‌టాప్ తిరగేసి నెత్తి పట్టుకున్నాడు.

"ఈ చిల్లులు పూడ్చిందెవరు?"

"మేవే. చెయ్యెట్టి చూడండి, ఎంత నున్నగా వచ్చిందో!"

"ఓరి నాయనోయ్! వేడి బయటికి పోయేది వాటిల్లోంచేరా. చిల్లులుంటేనే చల్లగా ఉంటాది!"

ముద్దంతా గోకి తీసి వెళ్ళిపోయాడు. మూడు తరాల విద్య బోర్లా పడినట్టయి బంగారయ్య సిగ్గుతో చితికిపోయాడు. కానీ తెలివైనవాడు కదా, నేర్చుకున్నది వదల్లేదు.

ఆదివారం ఎండ మండిపోతోంది. బంగారయ్య పెరట్లో నీళ్ళ ట్యాంకు నీడన బల్ల వేసుకుని ఆట మొదలెట్టాడు. అరగంటైనా ల్యాప్‌టాప్ ఆగలేదు. ఇంకొక్క దెబ్బ కొడితే గెలుపు బంగారయ్య జట్టుదే.

అప్పుడే నూకాలత్త చెయ్యి దులుపుకుంటూ వచ్చింది. "ట్యాంకు నీళ్ళు సలసల కాగిపోతన్నాయిరా!"

బంగారయ్య తల తిప్పకుండానే అన్నాడు. "చిల్లులుంటే చల్లగా ఉంటాదని ఆయన చెప్పలేదేటి? అన్నా, నాలుగు చిల్లులు వేసీ!"

పైడిరాజు మంచి పనివాడు. డ్రిల్లు పట్టుకుని పైకెక్కి పద్నాలుగు వేశాడు. నీళ్ళు ధారలు కట్టి సరిగ్గా బల్ల మీదే పడ్డాయి. ల్యాప్‌టాప్ ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయింది. ఫోన్ మోగింది. "మళ్ళీ మాయమయ్యావా? ఇంక నువ్వు జట్టులో లేవు!"

బంగారయ్యకి ఏడుపు తన్నుకొచ్చింది. ఎవర్ని తిట్టాలి? వెయ్యమన్నది తనే. కళ్ళు తుడుచుకుంటూ ల్యాప్‌టాప్ ఎత్తి చూస్తే, అడుగు చిల్లుల్లోంచి టపటపా నీళ్ళు కారుతున్నాయి.

మాట్లవాళ్ళింట పుట్టి కారుతుంటే చూస్తూ ఊరుకుంటాడా? గబగబా లోపలికి పరిగెత్తి ముద్ద తెచ్చి, ఒక్క చిల్లూ వదలకుండా పూడ్చేశాడు.

నూకాలత్త చేత్తో తడిమి చూసి పొంగిపోయింది. "ఒరే బంగారీ! చల్లగా ఉంది, ఒక్క చుక్క కూడా బయటికి పోలేదు!"