బుడన్ తాత దర్గాలో మైకు

సిలార్‌కి ఆ గురువారం కోపం ముక్కు మీదుంది. వాక్‌స్వాతంత్ర్యం అనేదొకటుందని ఊళ్లో ఒక్కడికీ తెలీదే అని వాడి బాధ.

సంగతేంటంటే, సిలార్ ఊరి కేబుల్ చానల్లో సాయంత్రం వార్తలు చదువుతాడు. గురువారం వచ్చిందంటే మాత్రం దర్గా పెద్ద బుడన్ తాతకి శిష్యుడు. అక్కడి మైకు చూసుకునేది వాడే. మొన్న వార్తల్లో, బస్టాండు కోటమ్మ టీపొడిలో రంపంపొట్టు కలుపుతోందని గొంతు వణికించి మరీ చదివాడు. ఇంకేముంది, టీకొట్టు దగ్గర ఈగలు తప్ప మనిషి లేడు. పాపం ఆమె పొయ్యి ఆర్పేసి, తిన్నగా దర్గాకొచ్చి కూర్చుంది.

"తాతా, నన్ను నోరు మూసుకోమంటోంది. మాట్లాడే హక్కు నాకు లేదా?" అన్నాడు సిలార్.

"ఎందుకు లేదు? రాజ్యాంగంలోనే ఉందిగా," అన్నాడు తాత, సాంబ్రాణి నిప్పు ఊదుకుంటూ.

సిలార్‌కి ప్రాణం లేచొచ్చింది.

ఆ దర్గాలో ఓ పద్ధతుంది. ఫాతిహా ప్రార్థన అయ్యాక మైకు ఖాళీగా వదిలేస్తారు. ఎవరి గోడు వాళ్లు చెప్పుకోవచ్చు, మధ్యలో ఎవరూ ఆపకూడదు. గేదె తప్పిపోయినవాడు, అత్తతో పడలేని కోడలు, అందరూ చెప్పుకునేది అక్కడే.

ఫాతిహా అయింది. తాత కోటమ్మ వైపు తిరిగాడు. "రామ్మా, మాట్లాడు."

కోటమ్మ కొంగు బిగించి మైకు పట్టుకుంది. "అందరికీ దణ్ణాలు. ఈ సిలారున్నాడే, వాడి నెత్తి మీదున్నది సొంత జుట్టు కాదంట. విగ్గంట!"

"అబద్ధం!"

"నాకేం తెలుసయ్యా, ఫోన్లో వచ్చింది. నీకు రంపంపొట్టు వచ్చినట్టే. ఇంకా వినండమ్మా, వారానికోసారే స్నానమంట. అదీ ఇంట్లోవాళ్లు నాలుగు తిడితేనంట!"

ముందు కూర్చున్న ముసలామె గబుక్కున పక్కకి జరిగింది. వెనకనుంచి ఎవరో సిలార్ జుట్టు పట్టి లాగారు.

"గట్టిగానే ఉందే!"

"బాగా అతికించుంటాడు లేరా."

సిలార్ తాత దగ్గరికి పరిగెత్తాడు. "తాతా, ఆపించు! పరువు పోతోంది!"

తాత వాణ్ణి గోడ దగ్గరికి తీసుకెళ్లి, మైకు ప్లగ్గు మీద వాడి చెయ్యి పెట్టాడు.

"పీకెయ్. రేపు నీది ఎవరు పీకాలో కూడా నువ్వే చెప్పు."

చెయ్యి ప్లగ్గు మీద అట్లాగే ఉండిపోయింది. అటు కోటమ్మ వాడి పళ్లదాకా వచ్చింది. అవీ కట్టుడువేనంట.

సిలార్ చెయ్యి తీసేశాడు. వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు.

"నాదింకా అవలేదు," అంది కోటమ్మ.

"కానియ్ అక్కా. అయ్యాకే మాట్లాడతా."

ఆమె తీరిగ్గా పళ్ల సంగతి ముగించి మైకు చేతికిచ్చింది. రోజూ గడగడా వార్తలు చదివేవాడు మైకుని నోటికి దూరంగా పట్టుకున్నాడు.

"రంపంపొట్టు కలపడం... నేను చూళ్లేదు. కనుక్కోనూ లేదు," అన్నాడు, పక్కనున్న కోటమ్మకే సరిగ్గా వినబడనంత మెల్లిగా.

వెనకనుంచి తాత ప్రేమగా అడిగాడు:

"సౌండు కొంచెం పెంచమంటావా, నాయనా?"