నలుగురని రాసిన పంతులమ్మ

దాలినాయుడు మాస్టారు ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నుంచి రిటైరయ్యాక కూడా, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళం ఏదో ఒక చిక్కు పట్టుకుని వెళుతూనే ఉండేవాళ్ళం. ఆయన వాదనకు దిగేవారు కాదు. ఎక్కడో జరిగినదొకటి చెప్పి ఊరుకునేవారు. అందులోంచి జవాబు వెతుక్కోవడం మా పని.

ఒక ఆదివారం ఉదయం కుముదిని వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. ప్రభుత్వ బడుల్లో ఏ తరగతి పిల్లలకు ఎంత చదువు వచ్చి ఉండాలో నిర్ణయించే రాష్ట్ర కమిటీలో ఆమెను వేశారు. మూడో తరగతి తెలుగు ప్రమాణాల పేజీ ఆమె రాయాలి, మర్నాడే ఇవ్వాలి.

“మాస్టారూ, కమిటీలో సగం మంది ప్రమాణం ఎత్తుగా ఉండాలంటున్నారు. తక్కువ పెడితే పేదపిల్లలకు ఈమాత్రం చాల్లే అన్నట్టుంటుందట. మిగతావాళ్ళు అందేలా పెట్టమంటున్నారు. అందనిది పెట్టి పిల్లల్ని తప్పినవాళ్ళుగా నిలబెట్టడం ఎందుకంటున్నారు. నాకు రెండూ నిజంగానే తోస్తున్నాయి. ఏది రాయమంటారు?”

మాస్టారు ఈసారి తన సొంత సంగతే చెప్పారు. ఆ సంగతి మాలో ఎవరికీ అంతవరకూ తెలియదు.

పదిహేడేళ్ళ క్రితం అలాంటి కమిటీలోనే ఆయన సభ్యులు. మూడో తరగతి దాటే బిడ్డ అరవై మాటల పేరా తడబడకుండా చదివి, అందులో ఏముందో చెప్పగలగాలని రాసింది ఆయనే. కొండమీది బిడ్డకీ పట్నం బిడ్డకీ ఒకటే కొలత ఉండాలని ఎనిమిది నెలలు పోట్లాడి ఆ వాక్యం నెగ్గించుకున్నారు. ఎక్కడ లోటుందో తెలిస్తేనే అక్కడికి సాయం వెళుతుందని ఆయన నమ్మకం.

ఆ ఏడు మార్చిలో మొదటిసారి పిల్లల్ని పరీక్షించారు. మాస్టారు పరిశీలకుడిగా ఈతమానుగూడ అనే కొండమీది సవర గిరిజనుల పల్లెకు నడిచి వెళ్ళారు. ఒక్క గది, ఒక్క పంతులమ్మ. ఆమె పేరు బిడ్డిక సుక్కమ్మ, ఆయన దగ్గర శిక్షణ పొందిన మనిషే. పద్నాలుగేళ్ళుగా అక్కడే పాతుకుపోయింది. పల్లెలోనే కాపురం.

మూడో తరగతిలో ఇరవై ఒక్కమంది. ఒక్కొక్కరినే పిలిచి పేరా చదివించారు. సుంబారి అనే పిల్ల రెండు వాక్యాలు చదివింది. మూడోదాని దగ్గర ఆగి, వేలు అక్కడే పెట్టి, సుక్కమ్మ ముఖంలోకి చూసింది. ఆమె సాయం చెయ్యకూడదు. చెయ్యలేదు. పిల్ల వేలు తియ్యకుండా అలాగే నిలబడింది.

చివరికి చదవగలరని తేలినవాళ్ళు నలుగురు.

వెంట వచ్చిన మండల ఉద్యోగి కాగితం చూసి గొంతు తగ్గించాడు. “పదహారు వేసెయ్యమ్మా. అందరూ అలాగే వేస్తున్నారు. ఎవరూ తిరిగి చూడరు.”

“పదహారు వేస్తే పన్నెండుమందికి చదువు వచ్చేసినట్టే కదండీ. వచ్చేసినవాళ్ళకి ఇంక ఎవరు నేర్పుతారు?” అంది సుక్కమ్మ. తర్వాత మాస్టారి వైపు తిరిగింది. “వీళ్ళు ఇంట్లో మాట్లాడేది వేరే భాష. తెలుగు చెవికెక్కడానికే రెండేళ్ళు పడుతుంది. ఇంకొక మనిషిని ఇప్పించండి మాస్టారూ, ఏడాదిలో అందరూ చదువుతారు.”

మాస్టారికి ఛాతీ ఉప్పొంగింది. “నలుగురనే రాయమ్మా. నిజం రాస్తే సాయం వస్తుంది. పూచీ నాది” అన్నారు. ఆమె నలుగురని రాసి సంతకం పెట్టింది.

మే నెలలో ఉత్తర్వు వచ్చింది. నాలుగో వంతు పిల్లలైనా ప్రమాణం అందుకోని బడులను దగ్గరలోని మంచి బడిలో కలిపేయాలని. మండలంలో ఆ గీతకు దిగువన ఉన్నది ఒక్క ఈతమానుగూడే. పక్కనున్న రెండు పల్లెల్లో అక్షరాలు రాని పిల్లలు ఇంతకంటే ఎక్కువ, కాగితం మీద మాత్రం అందరూ చదివేస్తున్నారు. వాటి జోలికి ఎవరూ పోలేదు.

సుక్కమ్మ ఉత్తర్వు పట్టుకుని మాస్టారి ఆఫీసుకు వచ్చింది. ఏడవలేదు, నిందించలేదు. “పూచీ అన్నారు కదండీ” అని మాత్రం అంది. ఆయన రాజధానికి మూడు ఉత్తరాలు రాశారు, స్వయంగా ఒకసారి వెళ్ళారు. అక్కడి అధికారి ఆయనను కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, “మీరు పెట్టిన ప్రమాణాన్నే అమలు చేస్తున్నాం సార్” అన్నాడు మర్యాదగా.

కలిపిన బడి నాలుగు కిలోమీటర్లు దిగువన ఉంది. జూన్‌లో ఈతమానుగూడ పిల్లలు తొమ్మండుగురు దిగారు. వానలు పట్టాక ఐదుగురు. చలికాలానికి ఎవరూ లేరు. రానివాళ్ళ పేర్లు హాజరు పట్టీలోంచి కొట్టేశారు.

మరుసటి మార్చిలో మళ్ళీ పరీక్ష పెట్టారు, కిందటేడు తప్పినవాళ్ళకు కూడా. చదవలేని ఆ పదిహేడుమందీ, జిల్లాలో అలాగే మూసిన మిగతా బడుల పిల్లలూ ఇప్పుడు ఏ బడి లెక్కలోనూ లేరు. జిల్లా రాష్ట్రంలో రెండో స్థానానికి వచ్చింది. కలెక్టరాఫీసులో సభ పెట్టి, ప్రమాణాలు రాసిన పెద్దమనిషని మాస్టారికి శాలువా కప్పారు. ఆయన వద్దనలేదు. వద్దనాల్సిందని తర్వాత చాలా ఏళ్ళు అనుకున్నారట.

ఆ వారమే ఈతమానుగూడ ఎక్కారు. బడిగదిలో జీడిగింజల బస్తాలు పేర్చి ఉన్నాయి. సుంబారి ఏదని అడిగితే, సముద్రపు ఒడ్డున రొయ్యలు ఒలిచే షెడ్డుకు మేనత్తతో వెళ్ళిందన్నారు. దాని తల్లి గుమ్మంలో నిలబడి అడిగింది. “బాబూ, మా పిల్లలేటి తప్పు చేసినారని బడి ఎత్తేసినారు?”

ఆయన కొండ దిగి వచ్చేశారు.

ఇంకో రెండేళ్ళకు మైదానంలో ఒక పెద్దబడికి పరిశీలనకు వెళ్ళినప్పుడు అక్కడ సుక్కమ్మ కనిపించింది. జుట్టు నెరిసింది. ఆమె తరగతి కాగితం తీసి చూశారు. ముప్పైమందిలో ఇరవై ఎనిమిదిమంది చదవగలరని ఉంది. వెనక బల్లల మీద పిల్లలు పుస్తకాలు తెరిచి, ఒకరి నోరు చూసి ఒకరు పెదవులు కదుపుతున్నారు.

“ఇరవై ఎనిమిదిమందికీ వచ్చిందా అమ్మా?”

సుక్కమ్మ ఆయన కళ్ళలోకి నేరుగా చూసింది.

“రాశాను మాస్టారూ.”

ఆయన ఆ కాగితం కింద పరిశీలించినట్టు సంతకం పెట్టి వచ్చారు.

ఇంతవరకు చెప్పి మాస్టారు ఆగారు. “అయితే తక్కువగానే పెట్టమంటారా?” అంది కుముదిని.

“ఎక్కువా తక్కువా నన్నడగకు, తల్లీ. నువ్వు రాసేది ఏదో ఒక బడిలో ఏదో ఒక సుక్కమ్మ చేతికి వెళుతుంది. అది చదివి ఆవిడ కలం తీసినప్పుడు, ఏ అంకె వేస్తుందంటావు?”