గేల్ అంటే బలమైన గాలి

చయనులు మాస్టారి దగ్గర మేము కొందరం నిఘంటువు పని నేర్చుకున్నాం. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు ఆయనకు కంఠోపాఠం. అయినా ఏ మాట అడిగినా వెంటనే చెప్పేవారు కారు. "ఎవరికోసం?" అని ముందు అడిగేవారు. మాకది ఛాదస్తంగా తోచేది. మాలో మృణాళిని ఒకనాడు ఒక ప్రశ్న వేసింది. ఆ తరువాత మేమెవరమూ ఆ అలవాటును ఛాదస్తం అనలేదు.

ఆవేళ ఆమె గాలులకు సంబంధించిన మాటలు సర్దుతోంది. బ్రీజ్, స్క్వాల్, గేల్, స్టార్మ్, టెంపెస్ట్, సైక్లోన్, హరికేన్. ఒక్కో మాటకు ఒక్కో చీటీ.

"మాస్టారూ, వాళ్ళకిన్ని మాటలు, మనకేమో ఈదురుగాలి, గాలివాన, తుఫాను. ఎలా సరిపెట్టమంటారు? గేల్‌కి బలమైన గాలి అని రాశాను. సరేనా?"

మాస్టారు ఆ చీటీ అందుకుని చాలాసేపు చూశారు. ఆనాడు ఆయన చెప్పిన సంగతి ఇది.

ఇరవై మూడో ఏట ఆయనకు మొగలిరేవు అనే చిన్న ఓడరేవు కచేరీలో గుమాస్తా పని దొరికింది. పట్నం నుంచి వాతావరణం తంతి వస్తే గుర్తు జెండా ఎగరేయాలి, తంతిలో ఏముందో అడిగినవాళ్ళకు తెలుగులో చెప్పాలి. కుర్రతనం, చదువు మీద మోజు. గాలి వేగాన్ని ఇంగ్లీషువాళ్ళు పన్నెండు మెట్లుగా విడదీశారని తెలిసి ఆయన మురిసిపోయారు. ఏ మెట్టుకు ఏ పేరో ఒక అట్ట మీద అందంగా రాసి గోడకు తగిలించుకున్నారు. ఎనిమిదో మెట్టు గేల్. పదో మెట్టు స్టార్మ్. పన్నెండు హరికేన్.

కార్తీకమాసంలో ఒక ఉదయం తంతి వచ్చింది. గేల్ రావచ్చునని అందులో ఉంది. మాస్టారు జెండా ఎగరేశారు. ఆ జెండా ఆ ఋతువులో తరచూ ఎగిరేదే. తెప్పలు నీళ్ళలోకి దించబోతున్న జాలర్లు దాన్ని చూసి ఆగారు. వాళ్ళలో పెద్దవాడు సూరాడ దానయ్య కచేరీ మెట్ల దాకా వచ్చాడు.

"బాబూ, కాయితంలో ఏటి రాసినారు?"

"గేల్ వస్తుందట."

"అంటే తుపానా?"

"కాదు కాదు. తుఫాను చాలా పైమెట్టు. గేల్ అంటే బలమైన గాలి, అంతే." అని, మాస్టారు గోడ మీది అట్టను చూపించి పన్నెండు మెట్లూ వివరించారు. చదువురాని మనిషికి ఇంత విడమరచి చెప్పగలుగుతున్నానని ఆయనకు లోలోపల సంతోషంగా కూడా ఉంది.

దానయ్య అంతా ఓపికగా విన్నాడు. సముద్రం వైపు తిరిగి కాసేపు చూశాడు.

"నీటి రంగు నాకు నచ్చనేదు బాబూ. తమ్ముడితో ఈయాల ఒద్దంటన్నాను. మరి కాయితమే తుపాను కాదంటంటే, నా కళ్ళదేటుంది. ముసలి కళ్ళు." అని నవ్వాడు. "బలమైన గాలి మాకు కొత్తేటి?"

నాలుగు తెప్పలు వెళ్ళాయి. ఒకదాని మీద దానయ్య, అతని తమ్ముడు పోలయ్య.

మధ్యాహ్నానికి గాలి లేచింది. కచేరీ పైకప్పు మీద ఒక్క పెంకు కదల్లేదు. ఊళ్ళో గుడిసెలన్నీ నిలిచే ఉన్నాయి. మాస్టారు గాలి కొలిచే పరికరం దగ్గరే నిలబడి ఉన్నారు. ముల్లు సరిగ్గా ఎనిమిదో మెట్టు దగ్గర ఊగుతోంది. తొమ్మిదికి పోలేదు. తంతి నిజమైనందుకు ఆయనకు ఆ క్షణంలో తృప్తి కలిగింది. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన మా వైపు చూడలేదు.

మూడు తెప్పలు ఎలాగో ఒడ్డు చేరాయి. నాలుగోది అలల్లో తిరగబడింది. ఊడిన దుంగ ఒకటి పట్టుకుని దానయ్య ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. పోలయ్య రాలేదు.

మూడోనాడు దానయ్య కచేరీకి వచ్చాడు. తిడతాడని మాస్టారు అనుకున్నారు. కొడతాడని కూడా అనుకున్నారు. కొడితే బాగుండునని ఉందట ఆయనకు. దానయ్య ఎప్పటిలాగే మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"బాబూ, ఆ ఇంగిలీసు మాట మరోపాలి సెప్తారా?"

"ఏ మాట?"

"ఆ గాలి పేరు."

"గేల్."

దానయ్య పెదవులతో రెండు మూడుసార్లు అనుకుని చూశాడు. నోరు తిరగలేదు. "మా మరదలు అడుగుతోంది బాబూ. తుపాను రానేదు గదా, ఊళ్ళో ఒక్క కొంప పడనేదు గదా, మరి నా మనిసి దేనికి పోయాడని. పేరు తెలిస్తే సెప్దామని వచ్చినాను."

నేనూ వస్తాను, నేనే ఆమెకు చెబుతాను అని మాస్టారు అనబోయారు. అనలేకపోయారు. దానయ్య ఆ పేరు మరిచిపోకుండా గొణుక్కుంటూ ఇసుకలో నడిచి వెళ్ళిపోయాడు.

తరువాత ఏడాదిన్నర ఆయన అక్కడే పనిచేశారు. పోలయ్య ఇల్లున్న వీధిలోకి ఒక్కసారీ వెళ్ళలేదు. కాని తంతి వచ్చినప్పుడల్లా తానే ఒడ్డుకు దిగి, పోవచ్చు అనో పోవద్దు అనో ఒక్క మాట చెప్పి వచ్చేవారు. దానయ్య ఎదురు చెప్పేవాడు కాదు. మెల్లగా ఇద్దరికీ మాటలు కలిశాయి. ఆ ఒడ్డున గాలులకు పేర్లున్నాయని మాస్టారికి అప్పుడు తెలిసింది. తెరచాప విప్పే గాలి, చాప దించే గాలి, తెడ్డు నిలవని గాలి. ఒకనాడు ముల్లు మళ్ళీ ఎనిమిది దగ్గర ఊగుతుంటే, దీన్నేమంటారని దానయ్యను అడిగారు.

"ఇదా బాబూ? తెప్ప దించని గాలి" అన్నాడతను, తెలియకపోవడమేమిటన్నట్టు.

మాస్టారు చెప్పడం ఆపారు. మృణాళిని కళ్ళు తుడుచుకుని చీటీ కోసం చెయ్యి చాచింది.

"గేల్‌కి అదే రాస్తాను మాస్టారూ. తెప్ప దించని గాలి."

"వద్దమ్మా. ఈ పుస్తకం తీసేవాళ్ళకు తెప్పలెక్కడివి? నువ్వు రాసిందే ఉంచు." ఆయన చీటీని ఆమె చేతికిచ్చారు. "అందులో తప్పేం లేదు. ఆ రోజు నేను చెప్పినదాంట్లోనూ లేదు."