పెంచలయ్య బండి ఎత్తు పెంచిన వైనం

ఇసకదిబ్బ అనే ఊళ్ళో తెలివంతా పెంచలయ్య ఇంట్లోనే ఉండేది. ఈ మాట ఊరు అన్నది కాదు, పెంచలయ్యే అన్నాడు. ఆ ఇంట్లో తెలివి ఎంతగా నిండిపోయిందంటే, రాత్రిపూట చెవుల్లోంచి కారిపోకుండా ఇంటిల్లిపాదీ తలకి తుండుగుడ్డ బిగించుకుని పడుకునేవాళ్ళు. పెంచలయ్య, అతని భార్య వెంగమ్మ, తమ్ముడు చెంచయ్య, ముసలితల్లి, అయిదారుగురు పిల్లలు, ఉయ్యాల్లో ఒక పసిబిడ్డ. అందరిదీ ఒకటే పద్ధతి. తెలిసినవాడు చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి, సొంత పైత్యం కలపకూడదు.

ఆ ఏడు వాళ్ళ చేలో పుచ్చకాయలు విరగకాశాయి. కాయలంటే అలాంటి ఇలాంటి కాయలు కావు. ఒకటి కోసి ఇంటిల్లిపాదీ తిన్నాక, ఆ డొప్పలో బిడ్డకి నీళ్ళు పోసేవాళ్ళు. ఆ కాయలన్నీ ఆదివారం సంతకి చేరాలి. సంత దాటిపోయిందా, ఎండకి పగిలి కుళ్ళిపోతాయి. ఏడాది కష్టం గొడ్ల పాలు.

సంతకి పోవాలంటే వాగు దాటాలి. వాళ్ళకో పాత పికప్ బండి ఉంది గానీ దాని కడుపు నేలకి మరీ దగ్గర. వాగు మధ్యలో రాయి తగలగానే పొదిగే కోడిలాగా కూర్చునేది.

పెంచలయ్య మెకానిక్ మస్తాన్‌ని పిలిపించాడు. మస్తాన్ బండి కింద దూరి, పైకొచ్చి, చేతులు తుడుచుకున్నాడు.

“ఏం లేదు పెంచలయ్యా. బండిని ఒక జానెడు ఎత్తు పెంచితే రాయి తగలదు. చక్రాల దగ్గర కమాను పట్టీలున్నాయే, వాటి కింద దిమ్మలు పెట్టి బిగించాల. సోమవారం షెడ్డుకి తోలకరా.”

“సోమవారానికి నా కాయలు కుళ్ళిపోవా భాయ్?”

“అట్టయితే నువ్వే చేసుకో!” అని విసుక్కున్నాడు మస్తాన్. పోతూ పోతూ మళ్ళీ తిరిగి, “ఇంకో మాట. ఈ బండిని లాగేది వెనక చక్రాలే. ముందు రెండూ ఊరికే తిరుగుతుంటయ్. ఇసకలో వెనక చక్రాలు జారితే బరువెయ్యి, పట్టు దొరుకుద్ది,” అన్నాడు.

నువ్వే చేసుకో అన్నాడు గదా. ఇంకేముంది, మొదలుపెట్టారు.

“అన్నా, జానెడు అన్నాడు గానీ ఎవరి జానెడో చెప్పలా,” అన్నాడు చెంచయ్య.

“నాదే. ఇంటికి పెద్దోణ్ణి.”

“ఓహో, నా చెయ్యి అంట్లు తోమడానికేనా?” అంది వెంగమ్మ.

“ఈ చేత్తోనే గదరా మిమ్మల్ని సాకింది,” అని ముసలమ్మ కళ్ళొత్తుకుంది.

బండి కోసం ఇంట్లో తగువులెందుకని పెంచలయ్య అందరి జానెళ్ళూ కొలిపించాడు. ఉయ్యాల్లో బిడ్డ గుప్పిట విప్పదీసి దాన్నీ కొలిచారు. చుట్టపుచూపుగా వచ్చిన వెంగమ్మ మేనత్తని వదిలేస్తే మర్యాదగా ఉండదని ఆమె జానెడూ కలిపారు. ఆమె మొహమాటపడి, తన ఊళ్ళో ఉండిపోయిన మొగుడి జానెడు కూడా తనే వేసింది.

అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చితే తాటిచెట్టు కావలసి వచ్చింది. కొట్టారు, మొద్దులు కోశారు, ఊరి ఎడ్లన్నీ కట్టి బండిని లేపారు, పట్టీల కింద దూర్చి మోకులతో బిగించారు. బండి ఎంత ఎత్తు లేచిందంటే, పక్క చేలో తాటిచెట్టెక్కినవాడు దాని అద్దంలో చూసుకుని తల దువ్వుకున్నాడు.

“మరి ముందు చక్రాల సంగతేంటి?” అంది వెంగమ్మ. “ఊరికే తిరుగుతాయన్నాడుగా. నా ఇంట్లో ఊరికే తిరిగేవాళ్ళకి తిండి పెట్టను. మా తమ్ముడికే పెట్టలా.”

చక్రానికి తిండంటే గాలే. అంతే, ముందు చక్రాల్లో గాలంతా పీకేశారు. ఆ గాలికి మూడిళ్ళ అవతల ఆరేసిన చీరలు ఎగిరిపోయాయి.

“చూశారా, ఎంత మేసి కూర్చున్నాయో!” అంది వెంగమ్మ.

ఆదివారం పొద్దున్నే కాయలు కోసి గట్టు మీద కుప్ప పోశారు. అప్పుడు తలెత్తి చూశారు. బండి తొట్టి ఆకాశంలో ఉంది. చెంచయ్య ఒక కాయని పైకి విసిరాడు. అది సగం దూరం పోయి, ఆలోచించుకుని, అతని నెత్తిమీదికే వచ్చింది.

“బండిని దించుదామా?” అన్నాడు, గింజలు తుడుచుకుంటూ.

“ఇంతమంది జానెళ్ళు పోసి లేపిన బండిని దించుతావా? నోరెట్టా వచ్చిందిరా?” అని కోప్పడ్డాడు పెంచలయ్య. “బండి జోలికి పోబాకండి. నేలని దించండి.”

నిజమే, నేలకి ఎవరూ జానెళ్ళు పొయ్యలేదు. పారలు తెచ్చి చక్రాల కింద మట్టి తవ్వడం మొదలుపెట్టారు. తవ్వేకొద్దీ బండి దిగింది. దిగి దిగి, తొట్టి గట్టుకి సమానంగా వచ్చింది. కాయల్ని కాళ్ళతో నెడితే చాలు, దొర్లుకుంటూ పోయి తొట్టిలో పడ్డాయి.

“ఇది మస్తాన్‌కి తట్టుద్దా?” అన్నాడు పెంచలయ్య. తట్టదని అందరూ ఒప్పుకున్నారు.

తలుపు తీద్దామంటే చుట్టూ మట్టి. పెంచలయ్య కిటికీలోంచి తలకిందులుగా దూరి బండి స్టార్ట్ చేశాడు. వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. బండి కదల్లేదు.

“జారుతున్నాయి, బరువెయ్యండి!”

రోలు వేశారు, పొత్రం వేశారు, వెంగమ్మ మేనత్తని మర్యాదగా కూర్చోబెట్టారు. బండి ఇంకాస్త దిగింది. ఇంట్లో ఉన్న గేదెని తోలుకొచ్చి ఎక్కించారు. ఇప్పుడు గట్టు మీదనించి చూస్తే గేదె కొమ్ములూ, మేనత్త కొప్పూ తప్ప ఏమీ కనపడటం లేదు.

“పట్టు దొరికిందా?” అని అరిచాడు చెంచయ్య.

“గట్టిగా దొరికింది! వదలడం లేదు!” అని లోపల్నించి పెంచలయ్య.

ఎండెక్కింది. అవతల సంత నిండుతోంది. వెంగమ్మ గట్టు మీదనించి కేకేసింది. “అయ్యో, కాయలు పగిలిపోతాయి! దారి తవ్వరా మరిదీ!”

“ఎటు తవ్వాల వదినా?”

“సంతకి పోయే బండికి సంత వైపు తవ్వాల గానీ, మీ అత్తారింటి వైపు తవ్వుతావా?”

సంత వాగుకి అవతల, దిగువన ఉంది. చెంచయ్య గోతిలోంచి సూటిగా వాగు వైపు తవ్వాడు. పిచ్చిపట్టినట్టు తవ్వాడు. ఆఖరి పారపోటుకి వాగు లోపలికి తొంగి చూసింది. చూసి ఊరుకోలేదు, వచ్చేసింది. గేదె హాయిగా ఈదుకుంటూ గట్టెక్కింది. మేనత్త దాని తోక పట్టుకుని గట్టెక్కి, ఇక ఈ ఇంటి గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. పుచ్చకాయలన్నీ లేచాయి. ఒకదాని వెనక ఒకటి, పెళ్ళికి పోతున్నట్టు, కాలవలోంచి వాగులోకి, వాగులోంచి సంత వైపు తేలిపోయాయి.

పెంచలయ్య దూరిన కిటికీలోంచే బయటపడ్డాడు. అన్నదమ్ములు లబోదిబోమంటూ వాగు దాటి గట్టెంట పరుగెత్తారు. సంత పక్కన రేవులో పండ్ల వ్యాపారం చేసే అలిమేలమ్మ కనపడింది. కాయలన్నీ ఆమె మనుషులు నీళ్ళలోంచి తీసి, చక్కగా పేర్చేశారు.

“భలే పంపావయ్యా పెంచలయ్యా!” అంది నవ్వుతూ. “ఒక్క కాయ చితకలా. పైగా చల్లగా ఉన్నాయ్. జనం ఎగబడుతున్నారు. రా, బేరం మాట్లాడుకుందాం.”

పెంచలయ్య ముఖం ఎర్రబడింది.

“వాటి మీద చెయ్యెయ్యబాకమ్మా! చెప్పాపెట్టకుండా బండి దిగొచ్చిన కాయలవి. ఇంతమందిమి తిండీ నిద్రా మాని బండి సిద్ధం చేస్తే, నడిచొస్తాయా?”

“వచ్చేశాయి గదయ్యా, ఎట్టొస్తే ఏం?”

“అట్టెట్టా కుదురుద్దమ్మా,” అన్నాడు చెంచయ్య ఓపిగ్గా. “సంతకి కాయలు బండిలో రావాల.”

అంతే. అన్నదమ్ములు ఒక్కో కాయా నెత్తికెత్తుకుని, వాగుకి ఎదురు నడిచి, సంత నించి గోతి దాకా మోశారు. ఒక్కటి కూడా వదల్లేదు. నీళ్ళలో మళ్ళీ లేవబోతుంటే వెంగమ్మ పట్టా కప్పి, తాళ్ళతో బిగించి, వాటికి గడ్డి పెట్టింది. పొద్దు గూకేవేళకి అన్నీ తొట్టిలో సర్దారు. పెంచలయ్య గొంతులోతు నీళ్ళలో స్టీరింగు ముందు కూర్చుని, నీళ్ళలోనే హారన్ నొక్కి, గట్టు మీదున్న పిల్లల మీద కేకేశాడు.

“దారికి అడ్డం తప్పుకోండ్రా! బండి పోతోంది!”