గుప్పిట్లో గౌరమ్మ

అనగనగా ఒక ఊళ్ళో ఒక అంగన్‌వాడీ బడి. ఆ బడిలో కోమలి అని నాలుగేళ్ళ పిల్ల ఉండేది. మనిషి మిరపగింజంత, మొండితనం కొండంత.

బతుకమ్మ పండగొచ్చింది. పిల్లలు ముందు తంగేడు పూలు తెచ్చారు, తర్వాత గునుగు తెచ్చారు, ఆ తర్వాత బంతిపూలు తెచ్చారు. సుగుణ టీచరమ్మ వాటిని గుండ్రంగా పేర్చి, పైన పసుపు ముద్దతో చేసిన గౌరమ్మను కూర్చోబెట్టింది. వాకిట్లో నీళ్ళ గోలెం పెట్టించింది.

"ఆట అయినంక బతుకమ్మను గిండ్లనే వేస్తం" అంది.

కోమలి గుండె గుభేలుమంది. ఎందుకంటావా? మొన్న వానాకాలంలో వాళ్ళింటి మేకపిల్ల అలాంటి గోలెంలోనే పడింది. తీసేసరికి ఊపిరి లేదు. మరి గౌరమ్మకు మాత్రం ఈతొచ్చా, పాపం!

అప్పుడు అందరూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, కోమలి చటుక్కున గౌరమ్మను తీసి గుప్పిట్లో దాచేసింది.

ఆట ఆగింది. చూస్తే పూల మీద గౌరమ్మ లేదు! పొద్దుగూకుతోంది. ఆటకొచ్చిన తల్లులు గుసగుసలు మొదలుపెట్టారు.

"గౌరమ్మ లేకుంట బతుకమ్మను ఎట్ల సాగనంపుతం? అందరు చేతులు చూపెట్టుండ్రి" అంది టీచరమ్మ.

ఒక్కో చెయ్యీ చూసుకుంటూ కోమలి దాకా వచ్చారు. పిల్ల ముందు చేతిని వీపు వెనక దాచింది. తర్వాత గౌనులో దాచింది. ఆ తర్వాత చేతిని పొట్ట కింద పెట్టుకుని నేల మీద బోర్లా పడుకుంది. వాళ్ళమ్మ వచ్చి రెక్క పట్టుకుని లేపింది. వేళ్ళ సందుల్లోంచి పసుపు రాలుతోంది.

"నేనియ్య! మునిగి సచ్చిపోతది!" అని కోమలి బావురుమంది.

తీరా గుప్పిట విప్పితే గౌరమ్మ ఏదీ? చితికి ఆకారమే లేకుండా పోయింది. తానే చంపేశాననుకుని ఆ పసిదాని పెదవి వణికింది.

అప్పుడు ఆయా దుర్గవ్వ వచ్చి పక్కన కూలబడింది.

"గౌరమ్మను నీళ్ళల్ల ఎవరేస్తరే, పిచ్చిదానా? పూలే పోతయి. గౌరమ్మను ముందుగాల తీసి, చిదిపి, మొఖాలకు రాసుకుంటం. ఆమె మనతోనే ఇంటికొస్తది. ఆ పని నువ్వే చేసినవ్!"

కోమలి ముక్కు ఎగబీల్చింది. ముందు దుర్గవ్వ చెంపకు పసుపు రాసింది. తర్వాత టీచరమ్మకు, ఆ తర్వాత అమ్మకు రాసింది. గోలెం వంక ఒకసారి కోపంగా చూసి, మిగిలిందంతా తన చెంపలకే పట్టించింది. అప్పుడుగానీ పూలను వదలనివ్వలేదు. ఇంటికెళ్ళాక వాళ్ళమ్మ ఎంత బతిమాలినా మొహం కడగనిస్తే ఒట్టు!

పూలేమో నీళ్ళకి, గౌరమ్మ చెంపకి,
కథేమో కంచికి, మనమేమో ఇంటికి.