ఆకు తీసి మాట్లాడు

అనగనగా ఏటి పక్కన ఒక అడవి. ఆ అడవికి పెద్దపులి రాజు, ఎలుగుబంటి వైద్యుడు. రాజుగారి మాట నలుగురికీ చాటే పని వడ్రంగిపిట్టది. దాని పేరు టకటకయ్య. బోలుగా ఉన్న మానును ముక్కుతో టకటకా కొట్టిందంటే, ఎక్కడి జంతువులు అక్కడ ఆగి చెవులు నిక్కించేవి.

ఆ అడవిలో చుక్కమ్మ అనే దుప్పి ఉండేది. లేకలేక ఆమెకు ఒక పిల్ల పుట్టింది. పేరు పూస. నెలలు నిండక ముందే పుట్టింది పాపం. పడుకుంటే రొమ్ములో సన్నగా ఈల వేసినట్టు చప్పుడయ్యేది. కాస్త గెంతితే ఆయాసం వచ్చేది. చుక్కమ్మ దాన్ని కళ్లలో పెట్టుకుని చూసుకునేది.

ఎండలు ముదురుతుండగా ఏటి అవతలి అడవిలోకి ఎండుదగ్గు జబ్బు దిగింది. ముందు కుందేళ్లు దగ్గాయి. తర్వాత కణుజులు దగ్గాయి. దగ్గినవాళ్లలో కొందరు లేచి తిరిగారు, కొందరు లేవలేదు.

చుక్కమ్మ వైద్యుడి దగ్గరికి పరుగెత్తింది.

"మామా, నా పిల్ల సంగతి ఏమిటి?" అని అడిగింది.

ఎలుగు వైద్యుడు పూస రొమ్ముకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. "దీనికి ఈ దగ్గు తగిలితే నా దగ్గర మందు లేదమ్మా. తగలకుండా చూసుకోవడమే. మోదుగాకు ఒకటి ముక్కూ నోరూ మూసుకునేలా కట్టుకో. దగ్గు గాలిలో వస్తుంది. ఆకు మొత్తం ఆపకపోయినా చాలావరకు ఆపుతుంది. నువ్వు కట్టుకో, దీని పక్కకు వచ్చేవాళ్లనూ కట్టుకోమను" అన్నాడు.

అప్పుడు మోదుగచెట్లు ఆకులన్నీ రాల్చి ఎర్రగా పూసి ఉన్నాయి. కింది కొమ్మలకు మిగిలిన నాలుగు ఆకుల్లో ఒకటి తెంపి, తిప్పతీగతో చుక్కమ్మ మూతికి వైద్యుడే కట్టాడు.

మర్నాడే టకటకయ్య మాను కొట్టాడు. "విన్నారా! దగ్గు లేనివాళ్లు ఆకు కట్టుకోనక్కర్లేదు. కట్టుకున్నా లాభం లేదు. ఇది రాజుగారి మాట."

అసలు సంగతి వేరు. ఆకులు తక్కువ ఉన్నాయి. ఉన్న కాసిని, దగ్గేవాళ్లకు మందు పోసేవాళ్లకైనా అందాలని రాజుగారి ఆలోచన. ఆకులు చాలవు అంటే పరువు తక్కువని, ఆకు వల్ల లాభం లేదని చాటించారు. ఒక చిన్న అబద్ధమే కదా అనుకున్నారు.

ఆ మాట విని కొండముచ్చు లింగప్ప చుక్కమ్మను చూసి పళ్లికిలించాడు. "ఏం వదినా, మూతికి విస్తరి కట్టావు? వడ్డించడం ఎప్పుడు?"

"వైద్యుడు కట్టుకోమన్నాడు బావా."

"రాజు లాభం లేదంటున్నాడు, వైద్యుడు కట్టుకోమంటున్నాడు. ముందు వాళ్లిద్దరూ ఒక మాట మీదికి వస్తే అప్పుడు చూద్దాంలే."

చుక్కమ్మ తన దారిన తాను పోయింది. ఆకు మాత్రం తీయలేదు.

కొన్నాళ్లకు మోదుగలు చిగిర్చాయి. అరచేతులంత ఆకులు గుబురుగా వచ్చాయి. దగ్గు కూడా ఏటి ఈవలి ఒడ్డుకు వచ్చేసింది. రాజుగారు కొత్త ఆజ్ఞ ఇచ్చారు: "బయటికి వచ్చేటప్పుడు అందరూ ఆకుతో ముక్కూ నోరూ మూసుకోవాలి." అంత పొడుగు మాట అన్ని మానుల దగ్గరా చెప్పి చెప్పి టకటకయ్యకు ముక్కు నొప్పెట్టింది. సగం దారిలో మాట కుదించేశాడు.

"విన్నారా! అందరూ నోరు మూసుకోవాలి. ఇది రాజుగారి ఆజ్ఞ."

ఇక చూసుకోండి. అడవి భగ్గుమంది.

"నోరు మూసుకోమంటాడా?" అన్నాడు లింగప్ప. "మనమేమైనా ఆయన ఇంట్లో పాలేర్లమా? మొన్న లాభం లేదన్న ఆకు ఇవాళ నోటికి అడ్డం పెట్టమంటున్నాడంటే, ఆకు మీద ప్రేమా? మన నోటి మీద కోపం."

అడవిపంది కోరన్న ఊరుకుంటాడా? ఆయన రాజుగారి వైపు మనిషి. "ఆజ్ఞ అంటే ఆజ్ఞే. కట్టుకోనివాణ్ని ఏటి దగ్గరికి రానివ్వకూడదు" అని లింగప్ప మొహం మీద మొహం పెట్టి అరిచాడు. కోరన్న ఆకు కట్టుకున్న మాట నిజమే. అది గడ్డం కింద వేలాడుతోంది.

ఈ గొడవ రాజుగారి గుహ దాకా పోయింది. మళ్లీ మాను మోగింది. "మూసుకోవాలి అన్నది పొరపాటు. కప్పుకోవాలి అని చదువుకోవాలి."

"చూశారా, మాట మార్చాడు" అన్నారు లింగప్ప వైపువాళ్లు. "మార్చలేదు, వివరించాడు" అన్నారు కోరన్న వైపువాళ్లు. మూసుకోవడానికీ కప్పుకోవడానికీ తేడా ఏమిటని పొద్దుగూకేదాకా వాదించుకున్నారు. ముక్కు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎందుకు కట్టుకోవాలో టకటకయ్య చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

ఎండకు ఏరు ఎండిపోయింది. ఒక్క మడుగు మిగిలింది. అడవిలో అందరూ అక్కడికే రావాలి. పూసకు నీళ్లు తాగే వయసు వచ్చింది. చుక్కమ్మ ఎవరూ లేని వేళ చూసి తీసుకెళ్లేది. కానీ దాహానికి వేళ ఉంటుందా? ఒకసారి కణుజు ఒకటి పూస పక్కనే నిలబడి దగ్గింది. చుక్కమ్మ పిల్లను మూతితో తోసుకుంటూ నీళ్లు తాగించకుండానే వెనక్కి తెచ్చింది. ఆ రోజంతా పూస నాలుక బయటపెట్టి ఒగర్చింది.

ఏమైనా సరే సభలో అడగాలనుకుంది చుక్కమ్మ. అడవంతా కట్టుకోనక్కర్లేదు. మడుగు దగ్గర, నీళ్లు తాగని కాసేపు కట్టుకుంటే చాలు. ఆ ఒక్కటీ ఒప్పుకుంటే తన పిల్ల బతుకుతుంది. పూసను పొదలో పడుకోబెట్టి, మూతికి తాజా ఆకు కట్టించుకుని సభబండ దగ్గరికి వెళ్లింది.

సభబండ అంటే మడుగు పక్కన ఉన్న చదును రాయి. దాని మీదికి ఎక్కి మాట్లాడేవాళ్లు ముఖం దాచకూడదు. దొంగమాట చెప్పేవాడే ముఖం దాస్తాడని ఎప్పటివాళ్లో పెట్టిన కట్టుబాటు.

బండ చుట్టూ జంతువులు ఒకదాన్ని ఒకటి రాసుకుంటూ నిలబడి ఉన్నాయి. అరిచేవాళ్లు అరుస్తున్నారు, దగ్గేవాళ్లు దగ్గుతున్నారు. ఆకు కట్టుకోవాలా వద్దా అన్నదే ఆ రోజు చర్చ.

చుక్కమ్మ బండ ఎక్కింది. "అయ్యల్లారా, నా పిల్లకు రొమ్ము బలం లేదు. మడుగు దగ్గర మాత్రం..."

"వినపడటం లేదు" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

చుక్కమ్మ గొంతు పెంచింది. "మడుగు దగ్గర మాత్రం కాస్త..."

"నోటికి ఆకు అడ్డం పెట్టుకుని గొణిగితే ఏం వినపడుతుంది?" అన్నాడు లింగప్ప. "ఆకు తీసి మాట్లాడు వదినా. నీ మాట వినడానికేగా వచ్చాం."

చుక్కమ్మ కోరన్న వైపు చూసింది. ఆయన కట్టుకోమనేవాడు కదా, తన తరఫున ఒక మాట అంటాడని.

కోరన్న తల గోక్కున్నాడు. "కట్టుబాటు కట్టుబాటేనమ్మా. ఒక్క క్షణం తీస్తే ఏమవుతుంది? నువ్వు చెబితే మన వైపు బలం కూడా వస్తుంది."

చుక్కమ్మకు వైద్యుడి మాట గుర్తుంది. పొదలో పిల్ల ఒగర్పు కూడా చెవిలో ఉంది. ఇంతదూరం వచ్చి చెప్పకుండా పోతే రేపు నీళ్లెలా? ఒక్కసారి చెప్పేస్తే ఇక రోజూ భయం ఉండదు కదా.

ఆకు కిందికి లాగింది.

"మడుగు దగ్గర మాత్రం అందరూ ఆకు కట్టుకోండి. నా పూస కోసం. చేతులెత్తి మొక్కుతాను" అంది.

ఆ మాట అందరికీ వినపడింది.

"చూశారా" అన్నాడు లింగప్ప. "ఆకు తీస్తేనే మాట బయటికొచ్చింది. నేను చెబుతున్నది అదేగా."

"ఏయ్, ఆమె అడిగింది కట్టుకోమని" అని కోరన్న బండ మీదికి దూకాడు. లింగప్ప కూడా దూకాడు. ఇద్దరి మధ్యా చుక్కమ్మ. ఇద్దరూ ఆమె మీదుగా అరుచుకున్నారు. తుంపరలు ఆమె ముఖం మీద పడ్డాయి. మడుగు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. చర్చ తర్వాతి సభకు వాయిదా పడింది.

కొద్ది రోజులకు చుక్కమ్మకు గొంతు గరగరమంది. ఆమెది చిన్న దగ్గే, తగ్గిపోయింది. పూసకు తగ్గలేదు. రొమ్ములో ఈల ముందు పెద్దదయింది, తర్వాత సన్నబడింది. తర్వాత ఆగిపోయింది.

పలకరించడానికి అందరూ వచ్చారు. లింగప్ప కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడ్చాడు. ఆ వెంటనే, "పుట్టుకతోనే బలహీనం కదా వదినా. దగ్గు ఒక వంక" అన్నాడు. "వంక ఏమిటి, నీ వల్లే" అన్నాడు కోరన్న. పిల్ల ఇంకా అక్కడే ఉంది. దాని మీదుగానే మొదలుపెట్టారు.

తర్వాతి సభకు చర్చ దొరికింది. చుక్కమ్మ పిల్ల దగ్గు ఉండగా పోయిందా, దగ్గు వల్ల పోయిందా? సాక్ష్యానికి చుక్కమ్మ రావాలని టకటకయ్య మాను కొట్టి పిలిచాడు. ఆమె వెళ్లలేదు. పొదలో పడుకుని ఉంది. తాగేవాళ్లు లేక పొదుగు సలుపుతోంది. బండ మీద ఎవరో పూసను "పూజ" అంటున్నారు. అది ఇక్కడికి వినపడుతోంది.

ఏటి అవతలి నుంచి వలస వచ్చిన కుందేలు ఒకతి పొద దగ్గరికి వచ్చింది. మూతికి ఆకు ఉంది. కాస్త ఎడంగా కూర్చుంది.

"అక్కా, నావి ఇంకా కళ్లు తెరవని పిల్లలు. ఒకరు కట్టుకోమంటారు, ఒకరు తీసేయమంటారు. నన్నేం చేయమంటావు?"

"కట్టుకో" అంది చుక్కమ్మ. "ఎందుకు కట్టుకున్నావని అడుగుతారు. జవాబు చెప్పడానికైనా తీయకు."

కుందేలు ఆ మాట మనసులో పెట్టుకుంది. లేస్తూ, "అక్కా, ఇంత మంచి మాట. వెళ్లి ఆ సభలో చెప్పరాదా?" అంది.

"చెప్పాను" అంది చుక్కమ్మ. "వినపడలేదన్నారు."

నీతి: నిన్ను కాపాడేదాన్ని పక్కన పెడితేనే నీ మాట వింటామనేవాళ్లు, పక్కన పెట్టాక కూడా వినరు.