డొప్పలో కట్ట

అనగా అనగా, గుట్టలింకా పచ్చి మట్టిముద్దలుగా ఉన్న రోజుల్లో ఒక దొర ఉండేవాడు. ఊ కొట్టండి మరి. ఊ కొట్టకపోతే నేనూ ఆ దొరలాగే నిద్రపోతాను.

ఆ దొరకు ఒక కల వచ్చింది. కలలో ఆకాశం కిందికి దిగి నేల మీద పడుకుంది. దాని మీద తను పడవలో తేలుతున్నాడు. తెల్లారినా ఆ కల అతన్ని వదల్లేదు. రెండు గుట్టల మధ్య, వాగుకు అడ్డంగా మట్టికట్ట పోయించాడు. నీళ్లు నిలిచాయి. మబ్బులు వచ్చి అందులో పడుకున్నాయి. ఆ చెరువు కింద ఒక మడి లేదు, ఒక కాలువ లేదు. అదంతా దొరగారి హంసతల పడవ కోసం, ఆ పడవలో ఆయన తీసే కునుకు కోసం.

కట్టకు అవతల, పల్లంలో, పన్నెండు కుమ్మరి ఇళ్లు. వాళ్లు ముందునుంచీ అక్కడే ఉన్నారు. చెరువే తర్వాత వచ్చి వాళ్ల నెత్తిన కూర్చుంది.

ఆ కట్టను కనిపెట్టుకుని ఉండే నీరటి పని బక్కవ్వది. మనిషి ఎముకల పోగు, నోరు మాత్రం ఊరంత. రోజూ పొద్దున్నే మట్టితట్ట నెత్తిన పెట్టుకుని కట్ట మీద ఈ కొసనుంచి ఆ కొసకు నడిచేది. ఎండ్రకాయ బొక్క కనిపిస్తే మట్టి కూరి మడమతో తొక్కేది. మొక్క మొలిస్తే పీకేది. చివరికి పల్లంలోకి దిగి, కట్ట అడుగున ఊరే జాలు నీటిని మోదుగాకు డొప్పలో పట్టి చూసేది.

"మట్టికట్ట అన్నంక చెమట పోస్తది. చెమటకు భయం లేదు. రంగు మారితేనే భయం" అనేది. నీళ్లు తేటగా ఉంటే కట్టను చేత్తో తట్టి, "తేటనే ఉన్నది తల్లీ, ఇగ పండుకో" అని ఇంటికి పోయేది.

ఒక ఏడు దొర నీడ కోసం కట్ట పొడవునా పొగడ మొక్కలు నాటించాడు. బక్కవ్వ ఒడ్డున నిలబడి కేకేసింది.

"దొరా, వేళ్లు కట్టలకు దిగుతయి. చెట్టు సచ్చిందంటే వేరు పుచ్చుతది. ఆ బొక్కల నీళ్లు దారి చేసుకుంటయి. పీకెయ్యనియ్యుండ్రి."

దొర కన్ను తెరవలేదు. "కల చెడగొట్టకే ముసలీ" అన్నాడు. పడవ తేలిపోయింది.

చెట్లు పెరిగాయి. ఏళ్లు గడిచాక ఒకటి ఎండింది. దొర మనుషులు దాన్ని నరికి మొద్దును అలాగే వదిలేశారు. కొన్నాళ్లకు డొప్పలో నీళ్లు బియ్యం కడిగినట్టు వచ్చాయి. బక్కవ్వ మళ్లీ ఒడ్డుకు వెళ్లింది.

"దొరా, నీళ్లు కొంచెం దించి, మొద్దు తవ్వి మట్టి నింపాలె."

"కల చెడగొట్టకే ముసలీ." పడవ తేలిపోయింది.

ఆ ఎండాకాలం పడవ అడుగు బురదకు తగిలింది. దొరకు కోపం వచ్చింది. నిండిన నీళ్లు పొంగిపోయే అలుగుకు అడ్డంగా మూడు చెక్కలు కొట్టించాడు, ఒక్క చుక్క కూడా పోకూడదని. వానలు దిగాయి. చెరువు కట్ట అంచుదాకా ఉబ్బింది. డొప్పలో నీళ్లు ఎర్రగా వచ్చాయి.

"మేకను కొడదమా అవ్వా?" అన్నారు కుమ్మరులు.

"కట్ట మేకను తినదు బిడ్డా, మట్టి తింటది" అని ఆమె డొప్ప పట్టుకుని మూడోసారి దొర దగ్గరికి నడిచింది.

"ఇవి నీళ్లు గావు దొరా. ఇది మీ కట్ట. డొప్పెడు డొప్పెడు పోతున్నది. చెక్కలు తియ్యుండ్రి."

"తీస్తే నా చెరువు పోతది. కల చెడగొట్ట..."

"ఒక్క కునుకు మా పల్లెల తియ్యుండ్రి. ఆడ మీకు నిద్రవట్టిందంటే నేనింక నోరెత్త."

దొర నవ్వాడు. తనకు నిద్ర పట్టని చోటు ఇంకా పుట్టలేదనుకున్నాడు. మిట్టమధ్యాహ్నం మొదటిసారి కట్ట దిగి, బక్కవ్వ చూరు కింద నులకమంచం మీద వాలాడు. పక్కన ఉయ్యాలలో ఒక కుమ్మరి పసిపిల్ల నిద్రపోతోంది. ఒక కన్ను మూశాడు. రెండో కన్ను మూయబోయి ఆగాడు. కుండలు కాల్చే ఆవం మీదుగా, ఇళ్ల కప్పుల మీదుగా హంస తల ఒకటి మెల్లగా పోతోంది. కలేమో అనుకుని చెయ్యి గిల్లుకున్నాడు. నొప్పి పుట్టింది. అది తన పడవే. ఒడ్డున వదిలిన ఖాళీ పడవ, గాలికి, ఆ పసిపిల్ల నెత్తి మీదుగా తేలుతోంది.

ఆకాశం కిందికి దిగి పడుకుందనుకున్నాడు ఇన్నాళ్లూ. ఇక్కడినుంచి చూస్తే అది పడుకోలేదు, ఇళ్ల మీదికి వంగి చూస్తోంది.

దొర చెప్పులు మరచి అలుగు దగ్గరికి పరుగెత్తాడు. గొడ్డలి పట్టి ఒక చెక్క కొట్టాడు, రెండో చెక్క కొట్టాడు, మూడోది కుమ్మరులు పీకారు. నీళ్లు పల్లెకు ఎడంగా గుట్ట చుట్టి వాగులో పడ్డాయి. చెరువు దిగింది. పడవ బురదలో ఒరిగింది. మొద్దు తవ్వి చూస్తే లోపల బొక్క. బక్కవ్వ చెయ్యి పెడితే భుజందాకా పోయింది. అవతల మిగిలింది జానెడు మట్టి. అందరూ మట్టి మోశారు, అందరూ తొక్కారు. దొర కూడా తొక్కాడు. పొగడలన్నీ వేళ్లతో సహా లేచిపోయాయి.

తర్వాత చాలా ఏళ్లకు బక్కవ్వ మంచాన పడింది. "నిన్ను కట్ట మీదనే పెట్టి గుడి కడతం అవ్వా" అన్నారు కుమ్మరులు.

"సచ్చినంక గూడ నా పేరు మీద కట్ట తవ్వుతరా?"

"పోనీ, గుర్తుకు చెట్టు నాటుతం."

"నాటిన చెయ్యి ఇరగ్గొడత" అంది. అదే ఆమె ఆఖరి మాట.

ఆమెను దూరంగా గుట్టవాలులో పెట్టారు. ఆ సాయంత్రం ముసలి దొర కర్ర ఊతంగా పల్లంలోకి దిగాడు. డొప్పలో జాలు నీళ్లు పట్టి చాలాసేపు చూశాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు.

దొర పోయాడు, పడవ పుచ్చిపోయింది, ఆయన ఉన్న గడీ కూలింది. కట్ట ఉంది. ఆ కట్ట మీదికి ఇప్పటికీ ఎవరూ వట్టి చేతులతో పోరు, పిడికెడు మట్టి పట్టుకుని పోతారు. పోయినవాళ్ల గుర్తుకు అంతటా చెట్టు నాటితే, అక్కడ మాత్రం మొక్క పీకుతారు. ఆనక పల్లంలోకి దిగి, దోసిట్లో నీళ్లు పట్టి చూసి, ఆ సాయంత్రం దొర గుట్టవైపు తిరిగి అన్న మాటే అంటారు.

"తేటనే ఉన్నదవ్వా. ఇగ పండుకో."